కల్యాజిన్: వోల్గా ఒడ్డున సగం మునిగిన చిన్న ఊరు – చరిత్ర, పాలన మీద తరచుగా అడిగే ప్రశ్నలు

నీళ్ళ మధ్యలో ఒంటరిగా నిలబడ్డ తెల్లటి గంటగోపురం ఫోటో మీకు వాట్సాప్‌లోనో ఇన్‌స్టాలోనో ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది, కింద "రష్యాలో మునిగిపోయిన చర్చి" అని ఉంటుంది, అంతే, ఊరి పేరు కూడా రాయరు. ఆ ఊరి పేరు కల్యాజిన్. గోపురం గురించి అందరూ అడుగుతారు, ఊరి గురించి అడిగేవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఊరి కథే ముఖ్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఆరు వందల ఏళ్ళుగా ఈ ఊరి తలరాత ఊరి బయట ఎవరో రాస్తూ వచ్చారు, ఒకప్పుడు మఠం, తర్వాత మహారాణి, ఆ తర్వాత డ్యామ్ ఇంజనీర్లు, అయినా ఊరు మాత్రం ఖాళీ అవ్వలేదు.

అసలు కల్యాజిన్ ఎక్కడుంది?

మాస్కోకి ఉత్తరంగా, రోడ్డు మీద దాదాపు 200 కిలోమీటర్లు. త్వేర్ ఆబ్లస్త్‌లో ఉంది (ఆబ్లస్త్ అంటే మన రాష్ట్రానికీ జిల్లాకీ మధ్యలో ఉండే సైజు అనుకోండి). జాబ్న్యా అనే చిన్న నది వోల్గాలో కలిసే చోట, వోల్గా కుడి ఒడ్డున ఊరు ఉంటుంది. జనాభా 15 వేల లోపే, మన దగ్గరైతే ఒక పెద్ద మేజర్ పంచాయతీ అంత.

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది?

ఇవాళ ఊరున్న చోట పాత కాలంలో సెయింట్ నికొలాస్ పేరు మీద ఒక పల్లె ఉండేది, నది పేరు కలిపి "జాబ్న్యా మీది నికోలా" అనేవాళ్ళు. ఎదురుగా ఎడమ ఒడ్డున 15వ శతాబ్దం మొదటి సగంలో మకారీ అనే సన్యాసి హోలీ ట్రినిటీ పేరు మీద మఠం పెట్టాడు. ఆ భూములు ఇవాన్ కోల్యాగా అనే భూస్వామివి. సన్యాసి వచ్చి చేరాడు, రేపు పొలాలు కూడా మఠానికి పోతాయి అని ఆయనకి భయం పట్టుకుంది, మకారీని చంపించాలని కూడా చూశాడని, ఈలోపు ఇంట్లో వరసగా చావులు, తనకి జబ్బు, దాంతో పశ్చాత్తాపపడి భూమంతా మఠానికే రాసిచ్చి తను కూడా సన్యాసం తీసుకున్నాడని అక్కడి కథ. మకారీ మాత్రం ఆ స్థలానికి తన పేరు కాకుండా భూమి ఇచ్చినాయన పేరే ఉంచాడంట. కథలో ఎంత నిజం ఉన్నా కోల్యాగా పేరు మీదే ఊరి పేరు నిలిచింది. మకారీ 1483లో పోయాడు, 1547లో రష్యన్ చర్చి ఆయన్ని సెయింట్‌గా ప్రకటించింది.

అఫనాసీ నికితిన్ ఈ ఊరు మీదుగానే మన దక్కన్‌కి వచ్చాడంటారు, నిజమేనా?

నిజమే, ఈ ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. త్వేర్‌లో పడవెక్కిన ఈ వ్యాపారి వోల్గా వెంట కిందికి వస్తూ కల్యాజిన్ మఠంలో ఆగాడు, మఠాధిపతి మకారీ దగ్గర ఆశీర్వాదం తీసుకున్నాడు, ఈ విషయం తన ప్రయాణం రాతల్లో మొదట్లోనే స్వయంగా రాసుకున్నాడు. అంటే పైన చెప్పిన మకారీయే, అప్పటికి బతికే ఉన్నాడు. అక్కణ్ణుంచి ఉగ్లిచ్, కొస్త్రొమా, ప్ల్యోస్, నిజ్నీ నొవ్‌గొరొద్, ఇంకా కిందికి అస్త్రాఖాన్ వైపు. అక్కడ తాతార్లు దోచుకున్నారు, సరుకు పోయింది, ఊరికి తిరిగెళ్తే అప్పులవాళ్ళు ఊరుకోరు, సరే అని ముందుకే వెళ్ళాడు, పర్షియా దాటి సముద్రం మీద చౌల్ రేవుకి వచ్చి అక్కణ్ణుంచి బీదర్ చేరాడు.

బీదర్ అప్పుడు బహమనీ సుల్తానుల రాజధాని, గోల్కొండ, వరంగల్ అన్నీ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి, అంటే ఇవాళ్టి తెలంగాణలో చాలా భాగానికి అప్పటి రాజధానిలో కల్యాజిన్ మఠం ఆశీర్వాదం తీసుకున్న మనిషి తిరిగాడు అన్నమాట. సుల్తాన్ ఏనుగులూ గుర్రాలతో ఊరేగింపుగా బయల్దేరడం చూసి రాశాడు. దానికన్నా నన్ను ఆపేది ఇంకో వాక్యం: ఇక్కడ జనం చాలా ఎక్కువ, పల్లెల్లో వాళ్ళకి ఒంటి మీద బట్ట లేదు, పెద్దమనుషులు మాత్రం బాగా బలిసి దర్జాగా ఉన్నారు అని. రాజుల వంశావళులు రాసిన వాళ్ళు వదిలేసిన సంగతి ఇది, దూరం నుంచి వచ్చిన ఒక చిల్లర వ్యాపారి కళ్ళకి ముందు అదే కనపడింది. తిరుగు ప్రయాణంలో స్మొలెన్స్క్ చేరకముందే చనిపోయాడు, రాతలు మాత్రం మాస్కో చేరాయి.

1609లో అక్కడ పెద్ద యుద్ధం జరిగిందా?

జరిగింది. అప్పుడు రష్యాలో సింహాసనం కోసం నకిలీ యువరాజులు, పోలండ్ సైన్యాలు, అంతా గందరగోళంగా ఉన్న కాలం. మాస్కో దగ్గరున్న ట్రినిటీ సెర్గియస్ అనే వేరే పెద్ద మఠం ముట్టడిలో ఉంది, మాస్కో చుట్టూ శత్రువులే. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ మిఖాయిల్ స్కోపిన్ షూయ్‌స్కీ అనే సేనాపతి కల్యాజిన్ మఠం దగ్గర మకాం పెట్టి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మామూలు జనానికి తర్ఫీదు ఇప్పించాడు, నేర్పింది క్రిస్టియర్ సోమ్మె అనే స్వీడిష్ అధికారి. పోలిష్ గుర్రపు దళాన్ని మైదానంలో ఎదుర్కోలేం అని తెలుసు కాబట్టి మొనదేలిన కర్రలతో కంచెలు పాతి వాటి వెనక బందూకులతో నిలబడటం నేర్చుకున్నారు. ఆగస్టులో పోలిష్ సేనాపతి యాన్ సపేహా సైన్యం వచ్చి పడింది, జాబ్న్యా నది ఒడ్డు బురద నేలలో పోరాటం, చివరికి సపేహా వెనక్కి తగ్గాడు. తర్వాతి ఏడాది మొదట్లో ట్రినిటీ సెర్గియస్ మఠం ముట్టడి వీడింది, స్కోపిన్ మాస్కోలోకి అడుగుపెట్టాడు, కొన్ని వారాలకే చనిపోయాడు, విషం పెట్టారని జనం అనుకున్నారు.

కల్యాజిన్‌కి దాని ఫలితం ఏంటంటే 1610లో పోలిష్ వైపు పోరాడుతున్న లిసోవ్‌స్కీ దళం వచ్చి మఠాన్ని దోచుకుని తగలబెట్టింది, కాపాడుతున్న దవీద్ జెరెబ్‌త్సోవ్‌నీ సన్యాసుల్నీ చంపేసింది. యుద్ధం గెలిచిన ఊరే ఏడాది తిరక్కుండా కాలిపోయింది. 400 ఏళ్ళయిన సందర్భంగా 2009లో ఊళ్ళో స్కోపిన్ విగ్రహం పెట్టారు.

మఠం ఊరిని ఏలింది అంటారు, అంటే ఎలా?

భూమి మఠానిది, దున్నేవాళ్ళు మఠం కింద ఉండే రైతులు, పన్నులూ వెట్టీ మఠానికే. చిన్న తగాదా అయినా మఠం వాళ్ళ దగ్గరే తేలాలి. ఇది అప్పట్లో రష్యా అంతా మామూలే, పెద్ద మఠాలన్నీ జమీందార్లే. కల్యాజిన్ మఠం ఎంత పేరున్నదంటే 1654లో మాస్కోలో ప్లేగు వచ్చినప్పుడు, జార్ అలెక్సేయ్ స్మొలెన్స్క్ యుద్ధంలో ఉంటే ఆయన కుటుంబం, రష్యన్ చర్చి పెద్ద అయిన పాట్రియార్క్ నికోన్ ఇక్కడే వచ్చి ఉన్నారు.

1764లో మహారాణి రెండో కేథరిన్ మఠాల భూముల్ని ప్రభుత్వంలో కలిపేసింది. నా లెక్కలో ఊరి పాలన చరిత్రలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే ఇది జరక్కపోతే తర్వాత వచ్చిన టౌన్ హోదా వచ్చేది కాదు, మఠం సొంత నేల మీద ప్రభుత్వం టౌన్ పెట్టలేదు కదా.

మరి టౌన్ హోదా ఎప్పుడొచ్చింది? అప్పుడు ఎవరు చూసుకునేవాళ్ళు?

1775లో. కేథరిన్ గుబెర్నియాల్ని (ఇవాళ్టి ఆబ్లస్త్‌ల లాంటి అప్పటి పెద్ద పాలనా ప్రాంతాలు) పునర్వ్యవస్థీకరించినప్పుడు నదికి రెండు వైపులా ఉన్న పేటల్ని కలిపి కల్యాజిన్ అనే టౌన్ చేశారు, దాన్నే ఉయెజ్ద్ కేంద్రం చేశారు. ఉయెజ్ద్ అంటే మన పాత తాలూకా లాంటిది.

టౌన్ మీద పెత్తనం గొరొద్నిచీ అనే అధికారిది, ఈయన్ని పైనుంచి వేస్తారు, ఎక్కువగా సైన్యం నుంచి రిటైర్ అయినవాళ్ళు వచ్చేవాళ్ళు, పోలీసు, శుభ్రత, నిప్పు ప్రమాదాలు, సంత అన్నీ ఆయన కిందే. పల్లెల వైపు ఇస్ప్రావ్నిక్ ఉంటాడు, ఆయన్ని చుట్టుపక్కల కులీనులు ఎన్నుకుంటారు. వ్యాపారుల, టౌన్ జనాల కేసులకి మాజిస్ట్రేట్ కోర్టు, దానికి వాళ్ళే సభ్యుల్ని ఎన్నుకుంటారు. ఒక ట్రెజరీ ఆఫీసు. అంతే, ఇంత చిన్న ఊరికి ఇంత యంత్రాంగం. 1785 నుంచి సిటీ దూమా అనే సభ కూడా వచ్చింది గానీ గొరొద్నిచీ ముందు దానికి పెద్ద గొంతు ఉండేది కాదు.

మధ్యలో ఆ హోదా పోయిందని ఎక్కడో చదివాను?

అవును. కేథరిన్ పోయాక కొడుకు పాల్ 1796లో ఖర్చు తగ్గించాలని చాలా ఉయెజ్ద్‌లు ఎత్తేశాడు, అందులో కల్యాజిన్ కూడా పోయింది. 1803లో అలెగ్జాండర్ కాలంలో తిరిగొచ్చింది. ఆఫీసులు ఎటు వెళ్తే అటు అర్జీలు పట్టుకుని పోవాల్సిన రైతు ఆ ఏడేళ్ళు ఎన్ని మైళ్ళు ఎక్కువ తిరిగి ఉంటాడో ఆలోచించండి. మండల కేంద్రం మారితే మన దగ్గర జరిగే గొడవ చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఊరి చిహ్నం మీద పూలేంటి?

కలువలు. 1780లో ఇచ్చిన చిహ్నంలో వెండి రంగు నేల మీద మూడు కలువ పూలు ఉంటాయి, ఆ చుట్టుపక్కల నీళ్ళలో బాగా పూస్తాయని పెట్టారు.

జనం ఏం చేసి బతికేవాళ్ళు?

వోల్గా మీద వచ్చే పోయే సరుకు, సంతలు, చేతిపనులు. ఆడవాళ్ళు లేసు అల్లేవాళ్ళు, కల్యాజిన్ లేసుకి మంచి పేరు. మగవాళ్ళలో ఉన్ని పని ఎక్కువ, గొర్రె ఉన్నిని వేడి నీళ్ళతో తడిపి, రుద్ది రుద్ది, తొక్కి, గట్టిపరిచి, అచ్చు మీద బిగించి వాలెంకీ అనే బూట్లు చేస్తారు, ఒక్క కుట్టు కూడా ఉండదు, మంచులో కాలు గడ్డకట్టకుండా కాపాడేవి ఇవే. చలికాలంలో ఈ పనివాళ్ళు పనిముట్లు భుజాన వేసుకుని వేరే గుబెర్నియాలకి కూడా వలస వెళ్ళి ఊరూరా బూట్లు చేసి వచ్చేవాళ్ళు.

ఎన్నికలు ఉండేవా?

1861లో రైతుల దాస్యం పోయాక వరసగా మార్పులు వచ్చాయి. 1862లో గొరొద్నిచీ పదవి ఎత్తేశారు. 1864లో జెమ్స్త్వో అనే ఎన్నికైన సభలు వచ్చాయి, ఉయెజ్ద్ స్థాయిలో బళ్ళు, ఆసుపత్రులు, రోడ్లు, వంతెనలు వాళ్ళ బాధ్యత. అందులో భూస్వాముల బలమే ఎక్కువ, కాకపోతే రైతులకి కూడా కొన్ని సీట్లు ఉండేవి, పల్లెలకి డాక్టర్, టీచర్ మొదటిసారి వచ్చింది దీనివల్లే. ఈ సభల్ని చిన్నచూపు చూసేవాళ్ళు ఉన్నారు, నేను ఒప్పుకోను, రష్యా పల్లెలో చదువు అనేది వీటితోనే నిలదొక్కుకుంది.

టౌన్‌కి 1870 చట్టం. పన్ను కట్టేవాళ్ళకే ఓటు, అది కూడా ఎలా అంటే పన్ను కట్టేవాళ్ళందర్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరసగా పెట్టి మూడు గుంపులు చేస్తారు, ఒక్కో గుంపు కట్టే మొత్తం సమానంగా ఉండాలి, ఒక్కో గుంపుకి మూడో వంతు సీట్లు. అంటే మొదటి గుంపులో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగే వ్యాపారులు ఉంటారు, చివరి గుంపులో మిగతా ఊరంతా ఉంటుంది, ఇద్దరికీ సీట్లు మాత్రం సమానం. 1892లో ఆస్తి విలువ చూసి ఓటు ఇవ్వడం మొదలుపెట్టి ఓటర్లని ఇంకా తగ్గించేశారు.

వ్యంగ్య రచయిత సాల్తికోవ్ షెద్రిన్ ఇక్కడివాడేనా?

ఊళ్ళో కాదు, ఉయెజ్ద్‌లో. 1826లో స్పాస్ ఉగోల్ అనే పల్లెలో పుట్టాడు, అది అప్పుడు త్వేర్ గుబెర్నియా, కల్యాజిన్ ఉయెజ్ద్. ఇప్పుడు ఆ పల్లె మాస్కో ఆబ్లస్త్‌లో ఉంది, సరిహద్దులు అలా మారిపోయాయి. అధికారుల మీద రష్యన్‌లో అంత పదునుగా రాసినవాళ్ళు లేరంటే ఒప్పుకోవచ్చు, ఆయనే 1860 నుంచి 1862 దాకా త్వేర్‌లో వైస్ గవర్నర్‌గా చేశాడు కాబట్టి ఫైళ్ళు ఎలా కదులుతాయో లోపలి నుంచి తెలుసు.

గంటగోపురం నీళ్ళలోకి ఎలా వచ్చింది?

గోపురం నీళ్ళలోకి రాలేదు, నీళ్ళే ఊళ్ళోకి వచ్చాయి. 1796 నుంచి 1800 మధ్య నికోల్‌స్కీ చర్చి పక్కన కట్టారు, ఐదు అంతస్తులు, 74.5 మీటర్ల ఎత్తు, 12 గంటలు. అన్నిటికన్నా పెద్ద గంట 1895లో రెండో నికొలాస్ గద్దెనెక్కిన సందర్భంగా పోత పోశారు, 501 పూద్‌లు, అంటే 8 టన్నుల పైచిలుకు. చుట్టూ సంత చౌకు, దుకాణాలు, ఇళ్ళు, ఊరికి అదే నడిబొడ్డు.

1930ల్లో వోల్గాని వరస డ్యాములతో కరెంటుకీ, పడవలకి లోతుకీ పనికొచ్చేలా మార్చాలని సోవియట్ ప్రభుత్వం పెద్ద ప్రణాళిక వేసింది. దిగువన ఉగ్లిచ్ దగ్గర డ్యామ్ కట్టారు, ఆ పని చేసినవాళ్ళలో చాలామంది వోల్గలాగ్ క్యాంపు ఖైదీలు. రిజర్వాయర్ నింపడం 1939, 1940 ప్రాంతంలో మొదలైంది. అంతకుముందే కల్యాజిన్ పాత ఊరి పెద్ద భాగం ఖాళీ చేయించారు, చెక్క ఇళ్ళైతే దుంగ దుంగ విప్పి, మెరక మీదికి తీసుకెళ్ళి మళ్ళీ పేర్చుకున్నారు, ఇటుక కట్టడాలు కూల్చేశారు, నికోల్‌స్కీ చర్చి కూడా పోయింది. ఈ రోజుకీ కొన్ని వీధులు నేరుగా వచ్చి నీళ్ళ అంచున ఆగిపోతాయి. ఉగ్లిచ్ కరెంటు 1941 యుద్ధం చలికాలంలో మాస్కోని నిలబెట్టింది, అది నిజం, దాన్ని తక్కువ చేయకూడదు. అలాగే ఊరివాళ్ళని ఎవరూ అడగలేదు అన్నదీ నిజమే.

మరి గోపురాన్ని ఎందుకు కూల్చలేదు?

అక్కడ వోల్గా బాగా వంపు తిరుగుతుంది, పడవలవాళ్ళకి దారి చూపే గుర్తుగా పనికొచ్చింది. పారాచూట్ దూకడం నేర్పించడానికి కూడా వాడారు. తర్వాత దశాబ్దాల్లో అలలూ, మంచుగడ్డలూ కొట్టి కొట్టి పునాది దెబ్బతింటోందని 1980ల్లో చుట్టూ మట్టీ రాయీ పోసి చిన్న ద్వీపంలా చేశారు, ఫోటోల్లో గోపురం కాళ్ళ దగ్గర కనపడే పచ్చటి ముక్క అదే. కింది అంతస్తులో కొంత భాగం ఇప్పటికీ కనపడదు. 2007లో లోపల ప్రార్థన కూడా జరిగింది. చలికాలం నీళ్ళు గట్టిగా గడ్డకడితే జనం మంచు మీద నడిచే వెళ్తారు.

నీళ్ళ కింద గంట మోగుతుందని అంటారు?

పెద్ద గంట దించుతుంటే జారి కింది గదిలో పడిపోయిందని, యుద్ధం వచ్చే ముందు మోగిందని ఊళ్ళో చెప్పుకుంటారు. కథే అనుకోండి. కాకపోతే ఇలాంటి కథలు ఊరికే పుట్టవు, ఇల్లు పోయినవాళ్ళకి ఆ దుఃఖం బయటికి చెప్పుకునే వీలు లేని రోజులవి.

మఠం ఏమైంది?

అది కూడా 1940లో పోయింది, ఎదురు ఒడ్డున దాని చోట ఇప్పుడు చిన్న చిన్న లంకలు. ట్రినిటీ చర్చి గోడల మీద 1654 నాటి చిత్రాలు ఉండేవి, నీళ్ళు రాకముందు నిపుణులు వచ్చి వాటిలో కొన్నిటిని కింద ఉన్న గచ్చుతో సహా ఊడదీశారు. అవి ఇప్పుడు ఎక్కువగా మాస్కోలోని షూసెవ్ ఆర్కిటెక్చర్ మ్యూజియంలో, కొన్ని కల్యాజిన్ మ్యూజియంలో ఉన్నాయి. మకారీ అస్థికలు త్వేర్‌లో చాలా కాలం ఉండి 2012లో కల్యాజిన్‌కి తిరిగొచ్చాయి.

సోవియట్ కాలంలో ఊరు ఏ జిల్లా కిందకి వచ్చేది?

ఇది కొంచెం తిరకాసు. 1922లో కల్యాజిన్ ఉయెజ్ద్ ఎత్తేసి ఎక్కువ భాగం కాషిన్‌లో కలిపారు. 1929లో రయోన్ (ఉయెజ్ద్ స్థానంలో వచ్చిన చిన్న జిల్లా) పద్ధతి వచ్చాక కల్యాజిన్ రయోన్ ఏర్పడింది, మాస్కో ఆబ్లస్త్ కింద. 1935లో కలీనిన్ ఆబ్లస్త్ పెట్టి అందులో వేశారు. 1990లో కలీనిన్ పేరు మళ్ళీ త్వేర్ అయింది. పాత రికార్డులు వెతికేవాళ్ళు ఏ ఏడాదికి ఏ పేరో చూసుకోకపోతే దొరకవు, ముఖ్యంగా పూర్వీకుల వివరాల కోసం వెతికేవాళ్ళు.

ఇప్పుడు పాలన ఎలా ఉంటుంది?

రష్యాలో స్థానిక పాలనకి 2025 దాకా 2003 చట్టమే ఆధారం. దాని ప్రకారం టౌన్‌కి ఒక సభ, రయోన్‌కి ఇంకో సభ, అంటే రెండు అంచెలు. చిన్న ఊళ్ళలో ఒకే భవనంలో రెండు ఆఫీసులు, రెండు బడ్జెట్‌లు, డబ్బు మాత్రం రెండిటికీ లేదు. 2019లో మున్సిపల్ ఓక్రుగ్ అనే కొత్త పద్ధతి చట్టంలోకి వచ్చింది, టౌనూ పల్లెలూ అన్నీ కలిపి ఒకటే సభ, ఒకటే అధిపతి. త్వేర్ ఆబ్లస్త్‌లో చాలా రయోన్‌లు అలా మారాయి. 2025 మార్చిలో వచ్చిన కొత్త చట్టం దేశమంతా ఒకే అంచె వైపు నెడుతోంది, కావాలంటే ప్రాంతాలు రెండంచెలు ఉంచుకోవచ్చు.

ఖర్చు తగ్గుతుంది అనే వాదనలో పస ఉంది. కానీ దూరపు పల్లెలో వీధి లైటు పోతే చెప్పుకోడానికి పక్కింటి మెంబర్ ఉండడు, ఆ లోటుకి ఎవరూ లెక్క కట్టరు.

ఊరి పక్కన పెద్ద డిష్ కనపడుతుంది, అదేంటి?

64 మీటర్ల రేడియో టెలిస్కోప్. 1992లో పని మొదలుపెట్టింది, అంతరిక్ష నౌకల సిగ్నళ్ళు అందుకోవడానికీ, పల్సార్ల (గడియారంలా క్రమంగా రేడియో సిగ్నళ్ళు వచ్చే నక్షత్రాలు) మీద పరిశోధనకీ వాడతారు.

వెళ్ళాలంటే ఎలా? ఏం చూడాలి?

మాస్కో నుంచి రోడ్డు మీద వెళ్ళడం తేలిక, రైలు స్టేషన్ కూడా ఉంది, ఉగ్లిచ్ వైపు లైను ఇక్కడే చీలుతుంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి 2023 ఆగస్టు నుంచి ఈ-వీసా ఉంది, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. ఎండాకాలంలో పడవలు గోపురం దాకా తీసుకెళ్తాయి. ఎక్కువమంది గంటలో ఫోటోలు దిగి వెనక్కి వెళ్ళిపోతారు, దయచేసి అలా చేయకండి, పాత చర్చిలో ఉన్న మ్యూజియంకి వెళ్ళండి. 1920 నుంచి ఉంది, ఇవాన్ నికోల్‌స్కీ పేరు మీద. మునిగిన వీధుల ఫోటోలు, మఠం గోడల చిత్రాల ముక్కలు, లేసు అన్నీ అక్కడే ఉన్నాయి. ఆ ఫోటోలు చూశాక ఒడ్డుకి వెళ్తే నీళ్ళలో ఏ దుకాణం ఎక్కడుండేదో మీరే చూపించగలరు.